వేల పాటలు సేవ్ చేసుకున్నా సొంత బాణీ ఎందుకు రావట్లేదు? ఎంపిక, సృజన, పంచుకోవడం గురించి వివరంగా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: లాప్‌టాప్ మీద బీట్లు చేస్తారు. ఫోన్లో రెండు వేలకు పైగా పాటలు సేవ్ చేసి ఉన్నాయి, రోజూ కొత్తవి వింటారు. అయినా చేసే ప్రతి ట్రాక్ ఎక్కడో విన్నట్టే ఉంటోంది. ప్లేలిస్టులు పంపితే స్నేహితులు తెరిచి కూడా చూడట్లేదు. మంచి అభిరుచి ఉంటే మంచి సంగీతం వస్తుందంటారు కదా, మరి నా విషయంలో ఎందుకు పనిచేయట్లేదు అని అడిగారు.

ఆ మాట నిజమే. కాకపోతే సేవ్ బటన్ నొక్కడం అభిరుచి కిందికి రాదు. దేన్ని వద్దనుకున్నారో, ఎందుకు వద్దనుకున్నారో చెప్పగలిగినప్పుడే అభిరుచి చేతిలోకి దిగుతుంది. "ఈ పాట నచ్చింది" దగ్గరే ఆగిపోతే, అది మీ ట్రాక్‌లోకి వచ్చేసరికి ఆ పాటకు నకలుగానే వస్తుంది. ఎందుకంటే మీరు పాట మొత్తాన్ని ఒకే ముద్దగా గుర్తు పెట్టుకున్నారు, తీసుకుంటే ముద్దగానే తీసుకోవాలి. ఏ సెకను దగ్గర, ఏ వాయిద్యం, ఏ ఖాళీ మిమ్మల్ని పట్టుకుందో తెలిస్తే ఆ ఒక్కటీ విడదీసి వాడుకోగలరు. పంచుకోవడంలోనూ చిక్కు ఇదే. అరవై పాటలు ఒకేసారి పంపితే అవతలివాళ్లకు మీ ఎంపిక కనపడదు, కుప్ప కనపడుతుంది.

ముందుగా ఒక మినహాయింపు. మీరు ఇప్పటిదాకా పూర్తి చేసిన ట్రాక్‌లు పది లోపే అయితే కింద చెప్పేదంతా పక్కన పెట్టండి. ఆ దశలో నకలు చేయడం తప్పు కాదు, అదే సాధన. నచ్చిన పాటలోంచి 16 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం, సాధారణంగా నాలుగు దెబ్బలు) తీసుకుని డ్రమ్స్, బేస్ (అడుగు స్వరాలు), కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) అన్నీ సున్నా నుంచి మళ్లీ కట్టండి. బయటికి వదలకండి, అంతే. చేతికి ఆ మాత్రం పని రాకముందే "నా శైలి ఏమిటి" అని కూర్చుంటే ట్రాక్ ఎప్పటికీ పూర్తవదు.

జాబితాను జల్లెడ పట్టడం

పాటలు ప్లే చేయకుండా పేర్లు మాత్రమే చూస్తూ జాబితా మొదటి నుంచి చివరిదాకా వెళ్లండి. పేరు చూడగానే ఏదో ఒక ముక్క చెవిలో మోగితే ఉంచండి, లేకపోతే తీసేయండి. చాలా భాగం ఇక్కడే రాలిపోతుంది. బాధపడక్కర్లేదు, పాత జాబితాను వేరే పేరుతో కాపీ చేసి ఉంచుకోవచ్చు. మిగిలినవాటిలోంచి 25 పాటలు ఏరండి. 25 ఎందుకంటే, ఒక్కోదానికి పది నిమిషాలు పెట్టినా నాలుగు గంటల చిల్లరలో అయిపోతుంది. వంద అని పెట్టుకున్నవాళ్లు ముప్పయ్యో పాట దగ్గర మానేస్తారు.

ఇప్పుడు ఒక్కో పాటకు ఒక్క వాక్యం రాయాలి. వాక్యంలో సమయం ఉండాలి, వినపడే వస్తువు ఉండాలి. "బాగుంది", "ఫీల్", "వైబ్", "మూడ్" అనే మాటలు నిషేధం. ఇలా ఉండాలి:

1:12 – బేస్ ఆగిపోయింది, రెండు బార్ల పాటు స్నేర్ (చురుక్కుమనే డ్రమ్ దెబ్బ), గొంతు మాత్రమే.
0:34 – పాడే మనిషి ఊపిరి పీల్చిన శబ్దాన్ని కత్తిరించలేదు.
2:40 – కోరస్ రావాల్సిన చోట రాలేదు, నాలుగు బార్లు ఆగి వచ్చింది.
0:00 – మొదటి కార్డు మీద రివర్బ్ (ప్రతిధ్వని) తోక పూర్తిగా చచ్చాకే రెండో కార్డు.

మొదటి ఐదారు పాటలకు చేయి ఆడదు. ఆ తర్వాత ఆడుతుంది. ఇరవై ఐదూ రాశాక పాట పేర్లు దాచేసి వాక్యాలు మాత్రమే గుంపులు చేయండి. జానర్‌ని బట్టి కాదు, వాక్యాన్ని బట్టి. పై నాలుగులో మొదటిదీ చివరిదీ ఒకే గుంపు: ఏదో ఒకటి తీసేసి ఖాళీ వినిపించడం. ఒకటి హిప్‌హాప్ అయినా, ఇంకొకటి పియానో ముక్క అయినా సరే. చాలామందికి మూడు నుంచి ఐదు గుంపులు తేలతాయి. "నేను అన్ని రకాలూ వింటాను" అనేవాళ్లకు కూడా అంతే తేలతాయి. (ఆ మాట వినగానే నాకు కాస్త అనుమానం. అన్నీ వినడానికి ఓపిక కావాలి, అభిరుచి అక్కర్లేదు.)

దీనితో పాటే రెండో జాబితా. అందరూ మెచ్చుకునే, మీకు మాత్రం ఒంటికి పడని పాటలు పది. వాటికీ సమయంతో సహా కారణం రాయండి. ఇది మొదటి జాబితా కన్నా ఎక్కువ పనికొస్తుంది. ఇష్టాల్లో మొహమాటం, జ్ఞాపకం, పాడినవాళ్ల మీద అభిమానం అన్నీ కలిసిపోయి ఉంటాయి. అయిష్టంలో అవేవీ ఉండవు. "ప్రతి డ్రాప్ (బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) ముందూ స్నేర్ రోల్ (వరస దెబ్బలు) పెరుగుతూ వస్తుంది, ఏం జరగబోతోందో ముందే తెలిసిపోతుంది" అని రాశారంటే మీ తర్వాతి ట్రాక్‌కు ఒక నియమం దొరికినట్టే: రోల్ లేకుండా డ్రాప్‌లోకి వెళ్లాలి. ఎలా అన్నది మీ తిప్పలు. సృజన అనేది ఆ తిప్పల్లోనే మొదలవుతుంది.

ఆ వాక్యాలను ట్రాక్‌గా మార్చడం

నియమం ఒకటే: ఒక పాట నుంచి ఒకే లక్షణం. మూడు వేర్వేరు పాటల నుంచి మూడు వాక్యాలు తీసుకోండి. ఒకదాన్నుంచి నిర్మాణం (కోరస్ నాలుగు బార్లు ఆలస్యం), ఒకదాన్నుంచి డ్రమ్స్ పద్ధతి, ఒకదాన్నుంచి గొంతు ఎంత దగ్గరగా వినపడాలన్నది. ఒకే పాట నుంచి డ్రమ్స్, కార్డులు రెండూ తీసుకుంటే వినేవాళ్లు పట్టేస్తారు. అవి మూడూ ఒకే జానర్‌వి కాకపోతే ఇంకా మంచిది.

ఒక చిన్న విషయాన్ని దగ్గర నుంచి చూద్దాం. మీ వాక్యాల్లో "స్నేర్ బద్ధకంగా పడుతుంది" అనే రకం ఉందనుకోండి. 90 బీపీఎంలో (నిమిషానికి 90 దెబ్బలు) ఒక బార్ 2.67 సెకన్లు, పదహారో వంతు నోట్ దాదాపు 167 మిల్లీసెకన్లు. కిక్‌ని (బరువైన డ్రమ్ దెబ్బ) గ్రిడ్ (సాఫ్ట్‌వేర్లో కచ్చితమైన తాళం గీతలు) మీదే ఉంచి స్నేర్‌ని మాత్రం 10, 20, 35 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేలా జరిపి మూడు వెర్షన్లు, అసలు జరపనిది ఒకటి, మొత్తం నాలుగు చేయండి. 10 దగ్గర తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. 20 దగ్గర ఒళ్లు వెనక్కి వాలినట్టు ఉంటుంది. 35కి వచ్చేసరికి చాలా సందర్భాల్లో వాయించేవాడు లెక్క తప్పినట్టు వినపడుతుంది, అయితే హై హ్యాట్ (చిన్న తాళాల జత) కూడా ఆలస్యంగా పడుతుంటే అదే అందంగా కుదరొచ్చు. నాలుగు ఫైళ్లకూ ఏ, బీ, సీ, డీ అని కలగాపులగంగా పేర్లు పెట్టి, మర్నాడు ఏది ఏదో చూడకుండా వినండి. మీరు ఎంచుకున్న అంకె రాసి పెట్టుకోండి. ఇలా నాలుగైదు ట్రాక్‌లు చేశాక అంకెలన్నీ ఒకే చుట్టుపక్కల పడుతుంటే అది మీ చేతి ముద్ర. ఎవరూ ఇవ్వలేదు, మీరు ఎంచుకుని తెచ్చుకున్నది.

మర్నాడు వినమనడానికి కారణం ఉంది. ఏదైనా పదే పదే ఎదురైతే దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయాంక్ 1968లో ప్రయోగాలతో చూపించాడు. ఎనిమిది బార్ల లూప్‌ను సాయంత్రం మొత్తం తిప్పితే అది బాగుందనిపించడం లూప్ గొప్పతనం కాకపోవచ్చు. ఇదే రోగానికి ఇంకో ముఖం డెమో వ్యామోహం: తాత్కాలికంగా పెట్టిన గొంతు, తాత్కాలిక కిక్ అలవాటైపోయి, తర్వాత ఎంత మంచిది పెట్టినా పాతదే బాగుందనిపిస్తుంది. విరుగుడు: తాత్కాలికం అని అనుకున్న ప్రతి శబ్దాన్నీ రెండో సెషన్‌లోనే మార్చేయడం, మూడోదాకా ఆగకపోవడం.

రిఫరెన్స్ ట్రాక్ (పోల్చుకోవడానికి పెట్టుకునే పాట) వాడేటప్పుడు దాదాపు అందరూ జారే చోటు శబ్ద స్థాయి. మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు) అయిన పాట మీ మిక్స్ కన్నా ఎన్నో డెసిబెల్స్ గట్టిగా ఉంటుంది. గట్టిగా ఉన్నదే మెరుగ్గా వినపడుతుంది. స్థాయి పెరిగేకొద్దీ మన చెవికి బేస్, ట్రెబుల్ ఎక్కువగా అందుతాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి రిఫరెన్స్‌ని అలాగే పెట్టి పోలిస్తే "నా దాంట్లో బేస్ లేదు" అనుకుని బేస్ పెంచుతారు, మిక్స్ బురదైపోతుంది. చేయాల్సింది: రెండింటి కోరస్ భాగాల్నీ లౌడ్‌నెస్ మీటర్లో చూసి, రిఫరెన్స్‌ని తగ్గించి, తేడా అర ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినపడే గట్టిదనానికి కొలత) లోపు ఉండేలా సరిచేయండి. ఆ తర్వాత 20 సెకన్ల ముక్క మాత్రమే వినండి, అదీ ఒక్క ప్రశ్నతో: గొంతు ఎంత ముందుకు ఉంది? లేదా కిక్‌కూ బేస్‌కూ మధ్య ఎవరు కింద ఉన్నారు? పాట మొత్తం వింటే మళ్లీ నకలులోకే జారతారు.

ఇతరుల లెక్కలు మీ చెవిని ఎలా మారుస్తాయి

మీకు నచ్చినవి నిజంగా మీకు నచ్చినవేనా అన్నదీ చూసుకోవాలి. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. 14 వేలకు పైగా మంది, ఎవరికీ తెలియని 48 పాటలు. కొందరికి పాటలు మాత్రమే కనపడ్డాయి. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, ఎవరి గుంపులో ఎన్ని డౌన్‌లోడ్‌లు అయ్యాయో ఆ గుంపుకే చూపించారు. అవే పాటలైనా ఒక్కో గుంపులో ఒక్కోటి హిట్ అయ్యింది. అంకెలు కనపడిన చోట హిట్‌కూ ఫ్లాప్‌కూ మధ్య దూరం కూడా పెరిగింది. బాగా మంచి పాటలు అడుక్కి పోవడం, బాగా నాసిరకంవి పైకి రావడం అరుదే. మధ్యలో ఉన్నవాటి రాత మాత్రం ముందు విన్నవాళ్ల చేతిలో ఉంది.

దీన్నుంచి చేయాల్సిన పని చిన్నదే. కొత్త సంగీతం వినేటప్పుడు స్క్రీన్ బోర్లా పెట్టండి. ప్లే లెక్క, కవర్, పేరు చూడకుండా ఒకసారి వినండి, ఉంచాలో వద్దో తేల్చుకోండి, అప్పుడు చూడండి. సిఫార్సు చేసే అల్గారిథమ్ మీద నాకు కోపం లేదు, వెతకడానికి అది పనికొస్తుంది. ఎక్కువగా మీలాగే ప్రవర్తించిన ఇతరులు ఏం విన్నారన్న దాన్నిబట్టే అది పాటలు తెస్తుంది. మీలాంటివాళ్లు వినేదే మీకు వస్తుంది, వాళ్లలో బీట్లు చేసేవాళ్లకూ అదే వెళ్తుంది. అందరి ట్రాక్‌లూ ఒకేలా ఉండడంలో ఆశ్చర్యం ఏముంది? వినే సమయంలో కనీసం సగం వేరే దారిలో రావాలి. ఒక పాటలో బేస్ నచ్చితే ఆ బేస్ వాయించిన మనిషి ఇంకెక్కడ వాయించారో క్రెడిట్లు చూసి వెళ్లడం అన్నిటికన్నా మంచి దారి.

వాడే సరంజామాను తగ్గించుకోవడం కూడా ఎంపికలో భాగమే. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 శాంప్లర్‌లో (శబ్దం ముక్కలు రికార్డు చేసి వాయించే యంత్రం) మొత్తం మెమరీ సుమారు 10 సెకన్లే. రికార్డింగ్ నాణ్యత 12 బిట్, 26 కిలోహెర్ట్జ్ మాత్రమే. చోటు సరిపోక, 33 వేగంలో తిరగాల్సిన రికార్డును 45లో తిప్పి శాంపిల్ చేసి, యంత్రంలో మళ్లీ కిందికి దించేవాళ్లు. వేగం 1.35 రెట్లు, అంటే శ్రుతి సుమారు 5 సెమిటోన్లు (పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న మెట్లు) పైకి. అలా దించినప్పుడు వచ్చిన గరుకుదనమే ఒక తరం హిప్‌హాప్ ధ్వనిగా నిలిచిపోయింది. పది సెకన్లలో ఏది ఉంచాలో తేల్చుకోక తప్పని స్థితి ఆ సంగీతాన్ని తయారు చేసింది. ఇప్పుడు హార్డ్ డిస్క్ నిండా శాంపిల్ ప్యాకులున్నవాళ్లు కిక్ కోసం గంట వెతుకుతారు. ఒక ప్రాజెక్టుకు ఒక ఫోల్డర్, అందులో 4 కిక్‌లు, 4 స్నేర్‌లు, 2 సింత్ ప్రీసెట్లు (సింథసైజర్‌లో ముందే సిద్ధంగా ఉన్న ధ్వనులు), అంతే. మొదలుపెట్టాక మార్చకూడదు.

ప్లేలిస్ట్ కట్టడం

ఏరడం, వరసలో పెట్టడం కూడా సృజనే అనడానికి గట్టి సాక్ష్యం 1952లో ఫోక్‌వేస్ సంస్థ విడుదల చేసిన అమెరికన్ జానపద సంకలనం. హ్యారీ స్మిత్ తన దగ్గరున్న పాత 78 ఆర్‌పీఎం రికార్డుల్లోంచి 84 ఏరి, గాథలు, సామాజిక సంగీతం, పాటలు అని మూడు భాగాలు చేశాడు. ఒక్క స్వరం కూడా తను వాయించలేదు. పాడినవాళ్లు తెల్లవాళ్లో నల్లవాళ్లో చెప్పకుండా పక్కపక్కన పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన జానపద సంగీత పునరుజ్జీవనంలో ఎందరో యువకళాకారులకు ఆ సంకలనమే పాఠ్యపుస్తకం అయ్యింది. పాటలు పాతవే, ఏది పక్కన ఏది ఉందన్నదే కొత్త.

మీరు పంపే ప్లేలిస్ట్‌కు 12 నుంచి 15 పాటలు, 45 నుంచి 50 నిమిషాలు చాలు. సీ-90 క్యాసెట్‌లో ఒక్కో వైపు 45 నిమిషాలు పట్టేది, ఆఖరి పాట సగంలో తెగకుండా లెక్క చూసుకోవాల్సి వచ్చేది. ఆ బలవంతం మంచిదే. జాబితాకు ఒక షరతు ఉండాలి, ఒక్క వాక్యంలో చెప్పగలిగేది: "డ్రమ్స్ రెండో నిమిషం దాటాక గానీ రాని పాటలు" లాంటిది. "వాన పాటలు", "రాత్రి పాటలు" లాంటి షరతులు దేన్నీ వద్దనవు, అందుకే ఆ జాబితాలు ఉబ్బిపోతాయి.

మొదటి పాట అన్నిటికన్నా మంచిది కానక్కర్లేదు. షరతేమిటో మొదటి అర నిమిషంలోనే తెలియజేసే పాట కావాలి. అన్నిటికన్నా మంచిది మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో ఉంచండి, చాలామంది అక్కడిదాకా మాత్రమే వింటారు. పక్కపక్క పాటల టెంపో (వేగం) తేడా 5, 6 శాతం లోపు ఉంటే చెవి పట్టించుకోదు. 92 నుంచి 97కి వెళ్లొచ్చు. 70, 140 కూడా కలుస్తాయి, ఒకటి ఇంకోదానికి రెట్టింపు కాబట్టి. కీ (పాట ఆధార శ్రుతి) విషయంలో అదే కీ, లేదా ఐదో స్వరం దూరంలో ఉన్న కీ, లేదా మొదటి కీ రిలేటివ్ మైనర్ (అవే స్వరాలు వాడే మైనర్ కీ) బాగా అతుకుతాయి. డీజే సాఫ్ట్‌వేర్లో వేగం మార్చి కలుపుతుంటే కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారనివ్వని సెట్టింగ్) వేయడం మర్చిపోకండి, లేకపోతే దాదాపు 6 శాతం వేగానికి ఒక సెమిటోన్ జరిగిపోతుంది.

అయితే డాన్స్ కోసం కాకుండా వినడానికి కట్టే జాబితాలో ఈ పొందిక అతిగా ఉంటే నిద్రొస్తుంది. ఒకే టెంపో, ఒకే కీ ఉన్నవి నాలుగు వరసగా వస్తే నాలుగోది ఎంత మంచిదైనా వినపడదు. మూడింటి తర్వాత ఒక విరుపు పెట్టండి: డ్రమ్స్ లేని ముక్కో, ఒంటరి గొంతో. స్పాటిఫైలో క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగా తర్వాతిది మొదలవడం) 12 సెకన్లదాకా పెట్టుకోవచ్చు, కానీ ముగింపును శ్రద్ధగా కట్టిన పాటలున్న జాబితాకు అది సున్నా మీదే ఉండాలి. అది వినేవాళ్ల చేతిలో ఉన్న సెట్టింగ్ కాబట్టి ఆ సంగతి జాబితా వివరణలో రాయండి. పాత రికార్డింగ్‌లు కొత్తవాటి పక్కన నీరసంగా వినపడతాయి. స్పాటిఫై సాధారణంగా అన్నిటినీ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి తెస్తుంది, కానీ వినేవాళ్లు నార్మలైజేషన్ (ఇలా స్థాయి సమం చేసే సెట్టింగ్) ఆపేసి ఉంటే ఆ తేడా మళ్లీ తేలుతుంది. అందుకే జాబితాను ఒకసారి నార్మలైజేషన్ తీసేసి విని చూడండి.

పంపడం

జాబితా మొత్తం పంపే ముందు ఒక్క పాట, ఒక్క మనిషికి, ఒక్క వాక్యంతో పంపండి. "1:12 దగ్గర బేస్ ఆగుతుంది, అక్కడిదాకా విను." ఇలా పంపితే వింటారు, ఎందుకంటే ఎంతసేపు పడుతుందో, ఏం వినాలో ముందే తెలుసు. గ్రూపులో పడేసిన లింక్ ఎవరిదీ కాదు. మీ సొంత ట్రాక్‌లకూ ఇదే పద్ధతి. పదమూడు ఉంటే మూడు పంపండి. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే జవాబే వస్తుంది. "ఎక్కడ ఆపేశావు?" అని అడగండి. ముగ్గురు ఒకే చోట ఆపితే సమస్య అక్కడే, లేదా దానికి ముందున్న ఎనిమిది బార్లలో ఉంది. ఏం మార్చాలో వాళ్లు చెప్పే సలహా మాత్రం అన్నిసార్లూ తీసుకోనక్కర్లేదు. చోటు వాళ్లు సరిగ్గా చూపిస్తారు, మందు చాలాసార్లు తప్పు చెబుతారు.

చివరగా హక్కుల సంగతి. స్ట్రీమింగ్ సేవలో ఉన్న ప్లేలిస్ట్ లింక్ పంచుకోవడానికి ఇబ్బంది లేదు. అవే పాటలను ఒకే ఫైలుగా కలిపి ఎక్కించడం వేరే వ్యవహారం, దానికి అనుమతులు కావాలి. శాంపిల్ తీసుకుంటే రెండు అనుమతులు: రికార్డింగ్ యజమానిది ఒకటి, బాణీ, సాహిత్యం యజమానిది ఇంకొకటి. "ఇన్ని సెకన్ల లోపు అయితే ఉచితం" అనేది పుకారు. క్రియేటివ్ కామన్స్ (ముందే షరతులతో వాడుకునే అనుమతి ఇచ్చే లైసెన్స్) పాటలైతే లైసెన్స్ అక్షరాలు చూడండి. బీవై ఉంటే పేరు చెప్పాలి, ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు, ఎస్‌ఏ ఉంటే మీరు చేసిందీ అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. ఎన్‌డీ ఉంటే మార్చి చేసిన రీమిక్స్‌ను పంచుకోకూడదు, వీడియోకు జతచేసినా అది మార్పు కిందికే వస్తుంది. శాంపిల్ తీసిన రోజే ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి పాట పేరు, ఆల్బమ్, సంవత్సరం, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తీశారు, పిచ్ ఎంత మార్చారు, లైసెన్స్ ఏమిటి అన్నవి రాయండి. విడుదల ముందు రాద్దామనుకుంటే, ముక్కలుగా కోసి, తిరగేసి, నాలుగు సెమిటోన్లు దించిన శబ్దం ఏ పాటదో మీకే గుర్తుకు రాదు.